కాలు దించమ్మా

కోరుట్లలో బస్సెక్కినామె నా పక్కన కూర్చుని, కట్టు కట్టిన కాలును నడవలో పెట్టిన సంచి మీదికి చాపుకుంది. దగ్గర నిలబడ్డ పెద్దమనిషి ముక్కు మూసుకున్నాడు. "కాలు దించమ్మా, వాసనొస్తున్నది" అన్నాడు.

ఆమె భగ్గుమంది.

"గీ కాలు గిప్పుడు కనవడ్డదా అందరికి? నాకు షుగరున్నది. బొటనేలికి పుండైతే నొప్పే తెల్వలే. నెలనెలా దవాఖానకు పోయిన. చెప్పులు బయట ఇడువుమంటే ఇడిసిన. ఉత్త కాళ్లతోని డాక్టరు ముందటనే కూసున్న. రిపోర్టు చూసి గోలీలు రాసిండు గని, ఒక్కనాడన్న వంగి కాలు చూసిండా? మొన్న జగిత్యాలల ఎక్స్‌రే తీస్తే లోపల బొక్క కుళ్లిందన్నరు. ఏలు తీసుడేనట. ఇంక లేటైతే పాదం గూడ పోతదట."

పెద్దమనిషి వెనక్కి జరిగాడు. ఆమె కాలు దించలేదు. బస్సులో నిలబడ్డవాడికి తెలిసిన వాసన ఎదురుగా కూర్చున్న డాక్టరుకు తెలియలేదా అని నాకు ఒళ్లు మండింది. జగిత్యాలలో ఆమె కుంటుకుంటూ దిగిపోయింది. నేను ఆమె పేరైనా అడగలేదు.

నాకూ షుగరుంది. తర్వాతి నెల మా సిరిసిల్లలో చెకప్‌కు వెళ్లి, ఎప్పటిలాగే చెప్పులు బయట విడిచి లోపలికి పోయాను. డాక్టరు రిపోర్టులోంచి తలెత్తకుండానే "అవే మందులు వాడండి" అన్నాడు.

నేను కాలెత్తి ఆయన బల్ల అంచున పెట్టాను.

ఆయన ఉలిక్కిపడ్డాడు. "ఏందమ్మా ఇది! కాలు దించమ్మా!"

"చూసినంక దించుత" అన్నాను.