నా కుడికాలు, సోమలమ్మాయి నడుము

మొన్న పొద్దున మా ఎదురింటాయన గోడ పట్టుకుని మెల్లగా మెట్లెక్కి వచ్చినాడు. టమాటా క్రేటు ఎత్తబోతే నడుం పట్టేసిందంట. వచ్చీ రాగానే వరండాలో బోర్లా పడుకుని, ఒక్కసారి కాలు పెట్టమ్మా చాలు అన్నాడు. ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు తొక్కితే నడుం పట్టు విడుస్తుందని మా మదనపల్లె పక్క నమ్మకం. నేను అట్లా పుట్టినదాన్నే. కానీ కాలు పెట్టలేదు. ఆటో పిలిపించి డాక్టరు దగ్గరికి పంపించినాను. ఆయన నా మీద అలిగి పోయినాడు. ముప్పై ఏళ్ళుగా ఇట్లా ఎంతమంది అలిగినారో లెక్కలేదు.

నేను పుట్టేటప్పుడు మా అమ్మకు చావు తప్పి కన్ను లొట్టపోయినంత పనయిందంట. ఆ పాపానికేమో, ఊళ్ళో నడుములన్నీ మా అవ్వ నా కుడికాలికి అప్పజెప్పింది. వాల్మీకిపురం నుంచి, పెద్దమండ్యం నుంచి బస్సెక్కి వచ్చేవాళ్ళు. నేను పలక పక్కన పెట్టి, పెద్ద డాక్టరమ్మలాగా మూడుసార్లు తొక్కి, వాళ్ళిచ్చిన బెల్లం ముక్క నోట్లో వేసుకునేదాన్ని. ఎనిమిదేళ్ళ పిల్లకు అంత గౌరవం దొరికితే పొగరు రాకుండా ఉంటుందా? నాకు బాగానే వచ్చింది.

ఆ పొగరుతోనే హైస్కూల్లో హాకీ జట్టులో చేరినాను. నా ఆట అంతంతమాత్రం. ఆటంటే సోమలమ్మాయిదే. సోమల నుంచి వచ్చి వాళ్ళ చిన్నమ్మ ఇంట్లో ఉండి మాతో చదువుకునేది. పెనాల్టీ కార్నర్‌లో బంతిని కొట్టకుండా, కర్రకు ఆనించి ఈడ్చుకొచ్చి గోల్లోకి విసిరే డ్రాగ్ ఫ్లిక్ అప్పుడప్పుడే మా దాకా వచ్చిన విద్య. పీటీ సారు టీవీలో చూసి ఆమెకు నేర్పించినాడు. ఎడమకాలు బారుగా ముందుకు వేసి, మోకాళ్ళు వంచి, కూర్చోబోతున్నట్టు కిందికి దిగి విసరాల. ఈమె మోకాళ్ళు వంచితే కదా! చిన్నప్పటి నుంచీ సెనక్కాయ చేలో కలుపు తీసిన పిల్ల. కాళ్ళు నిలువునా ఉంచి నడుం దగ్గరే మడతపడేది. ఆ వంగిన నడుమునే గిర్రున తిప్పి విసిరితే, బంతి పోయి గోలు వెనక చెక్కకు ఠప్పున తగిలేది. ఆ చప్పుడంటే నాకు ప్రాణం. సారు మొదట్లో మోకాళ్ళు, మోకాళ్ళు అని అరిచేవాడు. గోల్స్ పడే కొద్దీ అరవడం మానేసినాడు.

కుప్పంలో జిల్లా సెలక్షన్ పోటీలు ఇంకో నెల ఉన్నాయనగా ఆమెకు నడుం నొప్పి మొదలైంది. సెలక్టయితే స్పోర్ట్స్ హాస్టల్లో సీటు వస్తుంది. కాకుంటే చదువు చాలించి చేలోకి రమ్మని వాళ్ళ నాయన ముందే చెప్పేసినాడు. నొప్పి అన్నవాళ్ళను సారు పక్కన కూర్చోబెడతాడు. అందుకని ఆమె సారు దగ్గరికి పోలేదు, నా దగ్గరికి వచ్చింది. రోజూ పొద్దున్నే ఆటసామాన్ల గది వెనక గోనెపట్ట పరిచి తొక్కేదాన్ని. తగ్గిందా అంటే, తగ్గింది మే అని లేచి, పోయి మళ్ళీ విసిరేది. ఒకరోజు సారు నన్ను పిలిచి, ఆ పిల్ల నడుం పట్టుకుని నడుస్తాండాది, ఏమన్నా నొప్పా అని అడిగినాడు. ఏమీ లేదు సార్ అన్నాను. నా వైద్యం మీద నాకు అంత ధీమా.

కుప్పం బస్సులో సీటు ఉన్నా ఆమె పుంగనూరు దాటినాక కూర్చోనే లేదు, కమ్మీ పట్టుకుని నిలబడే వచ్చింది. మ్యాచ్‌కు ముందు గ్రౌండు గోడ వెనక నా బరువంతా వేసి తొక్కినాను. రెండో సగంలో పెనాల్టీ కార్నర్ దొరికింది. ఆమె విసిరింది, గోలు పడింది. మేమంతా కేకలు పెడతా పరిగెత్తితే, ఆమె రెండు చేతులూ నేలకు ఆనించి అట్లే వంగి ఉంది. నేలకు మొక్కతాండాది అనుకున్నాం. దగ్గరికి పోయి చూస్తే మొహంలో నెత్తుటి చుక్క లేదు.

వెన్నుపూసలో సన్నటి చీలిక అన్నాడు డాక్టరు. వంగి మెలితిరిగే పని పదే పదే చేస్తే వస్తుందంట. మొదట్లోనే విశ్రాంతి ఇచ్చుంటే మానేదంట. దాని మీద తొక్కించినారని తెలిసి, ఏ బుద్ధిలేనోళ్ళు చేసినారీ పని అని కేకలేసినాడు. నేను గోడవారన నిలబడి తల ఎత్తలేదు. హాస్టల్ సీటు వేరే పిల్లకు పోయింది. ఆమె నడుముకు బెల్టు కట్టుకుని సోమలకు వెళ్ళిపోయింది. భయమో సిగ్గో, నేను చూడను కూడా పోలేదు. మళ్ళీ ఎవరి నడుం మీదా కాలు పెట్టలేదు.

పోయిన ఏడాది పుంగనూరులో ఒక పెండ్లిలో కనబడింది. పంక్తిలో కూర్చోలేక, నిలబడే తింటా ఉంది. ఆ పక్కనే నిలబడి, నా కాలే నీ నడుం విరిచింది, నన్ను క్షమించు అని ఏడ్చేసినాను. ఆమె ఎంగిలి చెయ్యి అట్లే పట్టుకుని నవ్వింది.

"నువ్వు తొక్కితే ఒక్కదినం కూడా తగ్గలేదు మే. పానం పోయేది. తగ్గలేదంటే నువ్వు యాడ సారుకు సెప్పేస్తావో అని, తగ్గింది తగ్గింది అంటాంటిని."

నేను సారుకు చెప్పేదాన్నని ఆమె ఇప్పటికీ నమ్ముతాంది. ఆ గోలు మీద నాకెంత ఆశ ఉండేదో ఆమెకు తెలీదు. తగ్గలేదని తెలిసినా సారుకు చెప్పుండేదాన్నని నేను మాత్రం ఒట్టు పెట్టలేను. పదహారేళ్ళప్పుడు, ఒక గంట ఆట ముందర, మిగిలిన బతుకంతా మా ఇద్దరికీ అంత చిన్నగా కనబడింది.