బొత్తాల సంచి

మొన్న ఫోనులో నువ్వడిగావు కదా చిన్నీ, “నానమ్మా, నీ వెనకాల మేకుకి వేలాడుతున్న సంచికి చొక్కాకున్నట్టు బొత్తాలెందుకున్నాయి?” అని. ఎందుకంటే అది ఒకప్పుడు చొక్కానే కాబట్టి. జవాబు అంతే. కానీ అక్కడితో ఆపితే మీ అన్న నీ చేతిలో ఫోను లాక్కుని చొక్కా సంచి ఎలా అయిందంటాడు, నేను చెప్పడం మొదలుపెట్టగానే మీ అమ్మ హోంవర్కు అంటుంది. అందుకని తీరిగ్గా రాసి పంపిస్తున్నాను. మీరూ తీరిగ్గానే చదువుకోండి.

ఆ రోజుల్లో బట్టకి ముసలితనం ఉండేది కానీ చావు ఉండేది కాదు. అన్న చొక్కా తమ్ముడికి వచ్చేది, తమ్ముడి దగ్గర్నుంచి దిండు గలీబు అయ్యేది, గలీబు చిరిగితే వేడి గిన్నెలు దించే మసిగుడ్డ, అదీ నల్లబడితే సైకిలు తుడిచే గుడ్డ. (మీ తాత సైకిలు తుడుస్తున్న గుడ్డలో ఒకసారి నా పెళ్ళిచీర కొంగు ముక్క కనిపించింది. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన గమనించలేదనుకోండి, అది వేరే సంగతి.) ఇప్పుడు మీరు బట్ట పాతబడకముందే పారేసి, మళ్ళీ సెలవుల్లో పాతబట్టలతో బొమ్మలు చేసే క్లాసుకి వెళ్తున్నారని మీ అమ్మ చెప్తే నాకు నవ్వొచ్చింది. ఆ క్లాసు నేను ఒంటరిగా, గురువు లేకుండా, హైదరాబాదు యాకుత్‌పురాలో చదువుకున్నాను. ఫీజు మాత్రం ఇంటిల్లిపాదీ కట్టారు.

సూర్యాపేట నుంచి కోడలిగా వచ్చి నాకప్పటికి ఏడాది కూడా కాలేదు. తొంభైల మొదట్లో మాట. స్టేషను వెనక సందులో, ఒక పెద్దావిడ ఇంట్లో రెండు గదుల వాటా మాది. ఆ ఇంటావిడను సందంతా ఖాలా, అంటే పిన్ని, అనేవాళ్ళు, నేనూ అలాగే పిలిచేదాన్ని. ఆ రెండు గదుల్లో అత్తమ్మ, మామయ్య, మీ తాత, నేను, ఇంకా మా మరిది, అంటే మీ చిన్నతాత. మామయ్య కంచన్‌బాగ్ వైపు ఒక ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. ఆయనకి మాట తక్కువ, పేపరు ఎక్కువ. పొద్దున్నే అందుకున్న పేపరు మధ్యాహ్నం అన్నానికి పిలిచేదాకా మొహానికి అడ్డంగా ఉండేది. ఆయన మొహం ఎలా ఉంటుందో నాకు పెళ్ళైన మూడు నెలలకి గానీ సరిగ్గా తెలియలేదు. మా అమ్మ ఇచ్చిన కుట్టుమిషను ఒకటి నాతో వచ్చింది. నేను ఊరికే కూర్చుంటే నాకు తోచేది కాదు, మిషను ఊరికే కూర్చుంటే ఇంకా తోచేది కాదు.

ఉగాదికి ముందు ఇంటికి సున్నాలు వేసేటప్పుడు పెట్టెలన్నీ బయటికొస్తాయి కదా. సరిగ్గా అప్పుడే ఒక వారపత్రికలో, వసంతం వచ్చింది, పాతబట్టలతో మీ ఇంటిని మీరే ముస్తాబు చేసుకోండి అని రెండు పేజీలు రంగుల్లో వేశారు. నేను ఆ రెండు పేజీలకీ అంకితమైపోయాను. సోఫాకి కుషన్లు కుట్టమన్నారు. మాకు సోఫా లేదు, అందుకని ఇనప పెట్టెకి కుడదామనుకున్నాను. డైనింగ్ టేబులు మీదికి మ్యాట్లు అన్నారు. టేబులు లేదు, నేల మీద పరిచాను. వాటి మీద పప్పు పడుతుందేమోనని అందరూ కంచాలు పక్కన పెట్టుకుని తిన్నారు. బట్టలకి పూలతో రంగు వేయమన్నారు. హోలీకి తెచ్చిన మోదుగుపూలు మిగిలితే వేడినీళ్ళలో నానబెట్టి మీ తాత పాత బనియన్లన్నీ ముంచాను. ఎంత చక్కటి కాషాయం వచ్చిందని. చెమటకి ఆ రంగు చొక్కా పైకి కూడా వచ్చింది. మీ తాత పనిచేసే ఫ్యాక్టరీలో వారం రోజులు ఆయన్ని పట్టుకుని, “ఈ నెలల ఏం మాల అన్నా, ఎన్ని రోజుల దీక్ష?” అని అడుగుతూనే ఉన్నారట. చివరికి ఆయనకి విసుగొచ్చి నలభై రోజులన్నారట. దాంతో క్యాంటీనులో ఆయనకి గుడ్డు పెట్టడం మానేశారు.

ఇంతటి విజయం తర్వాత ఎవరైనా ఆగుతారా. ఇంట్లో ఇంకా పాతబట్టలేమైనా ఉన్నాయా అని ఒక పొద్దున అందరూ వినేలా అడిగాను. అత్తమ్మ నీళ్ళ కోసం కుళాయి దగ్గరికి వెళ్ళి ఉంది. అన్నదమ్ములిద్దరూ తమ చొక్కాలు తాము ఒకసారి తడుముకుని బయటికి నడిచారు. కాసేపయ్యాక పేపరు కిందికి దిగింది. మామయ్య లేచి, గోడ పక్కనున్న పాత పెట్టె తెరిచి, ఒక సఫారీ సూటు తీసి, అరుగు మీద కూర్చుని కాసేపు దాంతో ఏదో చేసి, తెచ్చి నా చేతిలో పెట్టారు. పావురం రంగు టెర్రికాటన్. నాలుగు జేబులు, జేబులకి మూతలు, భుజాల మీద పోలీసులకున్నట్టు పట్టీలు. మళ్ళీ వెళ్ళి పేపరు వెనక కూర్చున్నారు. ఆయన పక్కన అరుగు మీద గుప్పెడు పిన్నీసులు కుప్పగా పోసి ఉన్నాయి. అవెందుకో అప్పుడు నేను ఆలోచించలేదు.

టెర్రికాటన్ అంటే మీకు తెలియదు. అది చిరగదు, రంగు వెలవదు, మడత పోదు. మనుషులు పోయినా అది ఉంటుంది. నా కత్తెర కూడా కాసేపు బతిమాలాల్సి వచ్చింది. చొక్కా ముందు భాగం అలాగే ఉంచేసి సంచి చేశాను, బొత్తాలు విప్పితే మూతి, పైన జేబులు జేబులే. ప్యాంటు కాళ్ళు రెండూ పెట్టె మీదికి రెండు కుషన్లయ్యాయి. ఎడమకాలి అంచు దగ్గర, చిల్లుకి దారంతో అల్లిన చిన్న రఫ్ఫు కనిపించింది. దీన్ని ఎక్కడో చూశానే అని ఒక్క క్షణం అనిపించింది. అనిపించిందని చెప్పి కత్తెర ఆగుతుందా, దాని మీదుగానే పోయింది. మిగిలిన గుడ్డతో మసిగుడ్డలు. సాయంత్రానికి పత్రికలో బొమ్మకంటే నా పనే బాగుందని నాకు గట్టిగా అనిపించింది.

మరునాడు మధ్యాహ్నం మా మరిది వచ్చి గోడ పక్కనున్న పాత పెట్టె తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాడు.

“వదినా, బాపు సఫారీ ఏడ పెట్టినవ్? ఎల్లుండి ఇంటర్వ్యూ ఉంది.”

నేను సంబరంగా సంచి తీసి చూపించాను. “ఇగో, దాంతోనే కుట్టిన.”

“మొత్తం కోసినవా?”

“మొత్తం గాదు. ఒక చెయ్యి మిగిలింది.”

ఆ పిల్లాడు ఇనప పెట్టె మీద కూలబడ్డాడు. కూర్చున్నది ప్యాంటు మీదేనని తెలిసి లేచి నేల మీద కూర్చున్నాడు. అప్పుడు బయటపడింది, ఇంట్లో నాకొక్కదానికే తెలియని సంగతి. ఆ సఫారీ మామయ్యది మాత్రమే కాదు, మా సందుది. ఆయన ఒకసారి దాన్ని వేసుకుని వెళ్ళి ప్రమోషను తెచ్చుకున్నారట. ఆ తర్వాత ఖాలా పెద్దకొడుకు అడిగి వేసుకుపోయి రైల్వేలో ఉద్యోగం కొట్టాడు. అక్కడి నుంచి సందులో ఎవరికి ఇంటర్వ్యూ వచ్చినా ముందు మా ఇంటికొచ్చి సఫారీ అడిగేవాళ్ళు, ఆ తర్వాతే చదువు మొదలుపెట్టేవాళ్ళు. లావుపాటి వాళ్ళు బొత్తాలు పెట్టుకోకుండా, బక్కవాళ్ళు వీపు వెనక వరసగా పిన్నీసులు పెట్టుకుని వెళ్ళేవాళ్ళు. పిన్నీసులు కనిపించకూడదు కాబట్టి ఇంటర్వ్యూ అయిపోయాక వీపు చూపించకుండా, దణ్ణం పెడుతూ, వెనక్కి వెనక్కి నడుచుకుంటూ గది బయటికి వచ్చేవాళ్ళట. అంత వినయం ఏ ఆఫీసరు చూసి ఉంటాడు. ఉద్యోగాలు రాకేం చేస్తాయి. మా మరిది మాత్రం, నేను చదువుకున్నవాణ్ణి, నాకు సూటెందుకని పంతానికి పోయి రెండు ఇంటర్వ్యూలు సొంత చొక్కాలో వెళ్ళి పోగొట్టుకున్నాడు. ఇది మూడోది, వయసు ప్రకారం సర్కారు ఉద్యోగానికి ఇదే ఆఖరిది. ఈసారి వేసుకుంటానని అత్తమ్మకి మాటిచ్చాడు. నేను కత్తిరించింది ఆ మాటని.

సాయంత్రం మీ తాత వచ్చి అంతా విని, కుషను చేతిలోకి తీసుకుని రఫ్ఫు మీద వేలు పెట్టి నా వంక చూశారు. “నిన్ను చూడనీకి వచ్చినప్పుడు నేను తొడుక్కున్నది ఇదే గదా. యాదికి లేదా నీకు?”

“నేను తల ఎత్తితే గద యాదికుండేది,” అన్నాను. నిజమే మరి. పెళ్ళిచూపుల్లో నేను చూసింది ప్యాంటు అంచులు, చెప్పులు, అంతే. ఆ రఫ్ఫు చూసే, ఈ అబ్బాయి బట్టని జాగ్రత్తగా వాడుకునేవాడిలా ఉన్నాడే అనుకుని సరేనన్నాను. ఆ మాట అప్పుడు చెప్తే బాగుండేది, కానీ చెప్పలేదు. ఇచ్చింది మామయ్య అని కూడా చెప్పలేదు. కొత్త కోడలు మామగారి మీద ఎలా చెప్తుంది. ఆయన పేపరు వెనక ఉన్నారు, ఆ పేపరు కదల్లేదు.

అత్తమ్మ అరవలేదు. అరిస్తే బాగుండేది. పొయ్యి దగ్గర కూర్చుని, ఇంటి అదృష్టం మసిగుడ్డలైందని మెల్లగా, ఒక్కో గిన్నెకి ఒక్కోసారి చెప్పుకుంది. చేతిలో ఉన్నది ఆ మసిగుడ్డే. సందులో ఆడవాళ్ళు పరామర్శకి వచ్చినట్టు వచ్చి వెళ్ళారు. ఖాలా వచ్చి అలవాటుగా పెట్టె మీద కూర్చోబోయి, కుషను చూసి గభాలున లేచింది. “ఇస్‌పో కైసా బైఠూఁ మా? మేరే బచ్చే కీ నౌకరీ హై యే,” అంది. కొడుకు ఉద్యోగం మీద తల్లి ఎలా కూర్చుంటుంది మరి. అలా మా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఆసనం కూర్చోవడానికి పనికిరాకుండా పోయింది.

మరునాడంతా నేను కుట్లు విప్పి మళ్ళీ సూటు చేద్దామని కూర్చున్నాను. సంచి నుంచి చొక్కా చేయబోతే ఒక భుజం పైకి, ఒక భుజం కిందికి వచ్చింది. మిగిలిన చెయ్యి ఒకటే, రెండోది పసుపు మరకలతో మసిగుడ్డగా ఉంది. మా మరిది ఓపిగ్గా తొడుక్కుని అద్దంలో చూసుకున్నాడు. “ఇది తొడుక్కొని పోతే ఉద్యోగం ఇయ్యరు వదినా, పైసలిస్తరు,” అన్నాడు. అంత బాధలోనూ వాడికి నవ్వొచ్చింది, నాకు ఏడుపొచ్చింది. విప్పిందాన్ని మళ్ళీ సంచిగానే కుట్టేశాను, ఈసారి రెండు వరసల కుట్టు వేసి. ఆ కుట్టు ఇప్పటికీ ఊడలేదు.

ఇంటర్వ్యూ రోజు పొద్దున వాడు తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకుని, సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని గుమ్మం దాకా వచ్చాడు. అత్తమ్మ వాడి మొహం చూడకుండా దేవుడి పటం వైపు తిరిగి నిలబడింది. అప్పుడు పేపరు వెనక నుంచి మామయ్య గొంతు వచ్చింది. “సంచి గట్టిగనే ఉంది గదరా. కాయితాలు అందుల పెట్టుకొని పో.” మూడు రోజుల్లో ఆయన అన్న మాట అదొక్కటే.

మిగిలిందంతా వాడే తర్వాత చెప్పాడు. ఆఫీసర్లు ముగ్గురు కూర్చుని సర్టిఫికెట్లు అడిగారట. వాడు సంచి బల్ల మీద పెట్టి బొత్తాలు విప్పడం మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. నాలుగో బొత్తాం దగ్గర, పెద్దాయన ఒకడు కళ్ళద్దాలు తీసి, “ఇది సఫారీ కాదయ్యా?” అన్నాడట. వీడు అబద్ధం చెప్పలేక, కొత్త వదిన మొదలుకుని వెనక్కి నడిచే అబ్బాయిల దాకా మొత్తం చెప్పేశాడు. ముగ్గురూ కళ్ళు తుడుచుకునేదాకా నవ్వారట. ఆ తర్వాత అడగాల్సినవి అడిగారు, వీడికి భయం పోయి తెలిసినవన్నీ చెప్పాడు. బయటికి మాత్రం వీపు చూపిస్తూనే, మామూలుగా నడిచి వచ్చాడట. ఆ మాట రెండుసార్లు చెప్పాడు.

ఉద్యోగం వచ్చింది. కాగితం వచ్చిన సాయంత్రం అత్తమ్మ మొదట చేసిన పని, సంచిని గోడకి మేకు కొట్టి తగిలించి దానికి కుంకుమబొట్టు పెట్టడం. రెండోది, నా తల నిమరడం. ఆ రాత్రి అన్నాల వేళకే ఖాలా వచ్చి, చిన్నకొడుకు ఇంటర్వ్యూకి సంచి కావాలని చెప్పి వెళ్ళింది. మా మరిది కంచం ముందు నుంచి లేచాడు. “ఉద్యోగం నాకొచ్చిందా అమ్మా, సంచికొచ్చిందా?” అత్తమ్మ చాలా ప్రేమగా, “ఇద్దరికి వచ్చింది తీయ్ బిడ్డా, కూసో,” అంది. మామయ్య రాత్రిపూట పేపరు చదవరు. ఆ రోజు మాత్రం గబుక్కున తీసి అడ్డం పెట్టుకున్నారు. ఆ పేపరు చాలాసేపు వణికింది.

తర్వాత సంచి ఎన్ని ఇళ్ళు తిరిగి ఎన్ని ఉద్యోగాలు తెచ్చిందో, నాకూ ఎంత పేరొచ్చిందో అడగకండి. ఇప్పుడు దాన్ని అడిగేవాళ్ళు లేరు, ఇంటర్వ్యూలు కూడా ఫోనులోనే అంటున్నారు. నేను మాత్రం మారలేదు. మీ అమ్మ పంపే పాతబట్టల వీడియోలు చూస్తూ మీ తాత చొక్కాల వైపు తల తిప్పితే చాలు, ఆయన వెళ్ళి బీరువాకి తాళం వేసి వస్తారు. ఇంత వయసొచ్చినా నా కత్తెరంటే ఇంట్లో ఆ మాత్రం భయం ఉన్నందుకు లోపల కాస్త గర్వంగానే ఉంటుంది.

మామయ్యని ఒకే ఒకసారి అడిగాను, చాలా ఏళ్ళకి, ఇంట్లో ఎవరూ లేని ఒక మధ్యాహ్నం. అది నాకెందుకిచ్చారని. “పాతబట్టలున్నయా అని నువ్వే అడిగితివి గద బిడ్డా,” అన్నారు పేపరు దించకుండానే. తర్వాత చాయ్ పెట్టమన్నారు. నేను చాయ్ తెచ్చేసరికి పేపరు గుండెల మీదికి జారి ఉంది, ఆయన నిద్రపోతున్నారు. మళ్ళీ అడిగే వీలు నాకు దొరకలేదు. ఆయన అరుగు మీద పోసిన ఆ పిన్నీసులు ఇప్పటికీ నా కుట్టుడబ్బాలో ఉన్నాయి. సూటు నా చేతికిచ్చేముందే, వీపు వెనక పెట్టిన పిన్నీసులు ఒక్కొక్కటీ తీసి పక్కన పెట్టుకున్న మనిషికి, తను ఇచ్చేదేమిటో తెలియకుండా ఉంటుందా చిన్నీ?