బయట చెప్పులు, లోపల నేను

నిరుడు సెప్టెంబరులో కెనడాలో మా అమ్మాయి దగ్గర ఉన్నాను. పక్షులు దక్షిణానికి వలసపోయే రోజులవి. చెరువు ఒడ్డున వాటిని చాటుగా చూడటానికి కట్టిన చెక్క గది ఉంది. పొద్దుగూకితే కాపలామనిషి దానికి తాళం వేస్తాడు. "ఒక్కడివే వెళ్లు నాన్నా, కానీ ఒక్కసారి తేడా వచ్చినా ఇక పంపను" అని అమ్మాయి షరతు.

ఆ సాయంత్రం అలవాటు కొద్దీ చెప్పులు గుమ్మం బయట విప్పి లోపల కూర్చున్నాను. కిటికీ ముందే పొడుగు ముక్కు ఉల్లంకి పిట్టల గుంపు వాలింది. నెల్లూరు తీరంలో నేను చూసిన వాటికి దాయాదులే! అంతలో వెనక తలుపుకు తాళం పడింది. అరిస్తే పిట్టలు ఎగిరిపోతాయని క్షణం ఆగాను. ఆ క్షణంలోనే కాపలామనిషి కారు వెళ్లిపోయింది.

తర్వాత ఎంత అరిచినా, తలుపు బాదినా ఎవరూ రాలేదు. చలికి వణుకుతూ, ఏమవుతుందో తెలిసే అమ్మాయికి ఫోన్ చేశాను.

ఆమె కాపలామనిషిని పిలిపించి తలుపు తీయించింది. చెప్పులు ఎవరో పారేసుకున్నారనుకుని ఆఫీసులో పెట్టాడట!

"చెప్పులు బయట ఉంటే మనిషి లోపల ఉన్నట్టే కదటమ్మా?"

"అది మన ఇళ్లల్లో నాన్నా! ఇక నువ్వు ఒంటరిగా వెళ్లేది లేదు."

లోపలికి తొంగిచూడకుండా తాళం వేసినవాణ్ని ఎవరూ ఏమీ అనలేదు. వేల మైళ్లు ఎగిరే పిట్టకు ఎవరి కాపలా అక్కర్లేదు. నాకు మాత్రం చెరువు దాకా తోడు కావాలట!