భుజాల మీది బరువు

మా గోడౌన్లో ఆరోగ్య పరీక్ష అంటే ఎత్తూ, బరువూ చూడటమే. ఆ రెండంకెలూ చూసి నా పేరు పక్కన ఎర్ర సిరాతో ‘ఊబకాయం’ అని రాసి, నోటీసు బోర్డుకు అంటించారు. బస్తాలెత్తే పని మాన్పించి గేటు దగ్గర కూర్చోబెడతామన్నారు. ఆ బోర్డు ముందు నవ్విన నలుగురి పేర్లూ నాకిప్పటికీ గుర్తే.

ఆ సాయంత్రం బేగంపేటలో లోకల్ రైలెక్కి ఫిర్యాదు రాస్తుంటే, పక్కనున్న పెద్దాయన తొంగిచూశాడు. ఆయన మెడలో టైలర్ టేపు వేలాడుతోంది.

“ఏంది బేటా, కాగితం చిరిగేటట్టు రాస్తున్నవ్?”

జరిగిందంతా చెప్పాను.

“బరువు చెప్తే నేను అంగీ కుడ్తనా? జెర లేచి నిలబడు.”

అంతమంది మధ్యలో నిలబెట్టి భుజాలు, ఛాతీ, నడుము కొలిచాడు. “నీ బరువంతా భుజాలల్ల ఉంది. పొట్టల ఏం లేదు. ఇది బస్తాల కండ, బిర్యానీ కండ కాదు!”

రైలు పెట్టెలో అందరూ నవ్వారు. ఈసారి నేనూ నవ్వాను.

కొలతలన్నీ నా ఫిర్యాదు వెనకే రాశాడు. “మీ డాక్టర్‌ను సుత టేపు పట్టమను,” అని సికింద్రాబాద్‌లో దిగిపోయాడు.

ఆ కాగితాన్ని అలాగే గోడౌన్ ఆఫీసులో ఇచ్చాను. డాక్టరు రెండోసారి పిలిచి, నడుము కొలిచి, ఎర్ర సిరా రాతను కొట్టేశాడు. నా పని నాకు మిగిలింది. బోర్డు మీద క్షమాపణ పెట్టమని ఇప్పటికీ రాస్తూనే ఉన్నాను.

ఇన్ని ఉత్తరాలు రాశాను గానీ, కృతజ్ఞత చెప్పాల్సిన ఒక్క ఉత్తరానికి నా దగ్గర చిరునామా లేదు.