ఫారం-సీ, నాలుగు కానాగంతలు

నేను రిటైర్ కావడానికి నాలుగేళ్ల ముందు, ఒక జూలై మొదటి వారంలో, విశ్వవిద్యాలయం పరీక్షల విభాగం నుంచి విదేశీ విద్యార్థుల విభాగానికి నన్ను సూపరింటెండెంటుగా మార్చారు. సూపరింటెండెంటంటే సీనియర్ అసిస్టెంటుకి పైన, అసిస్టెంట్ రిజిస్ట్రారుకి కింద. ఫైలు మీద అభిప్రాయం రాయవచ్చు, పై అధికారులు సంతకం పెట్టే ఆకుపచ్చ సిరా మాత్రం ముట్టకూడదు. అప్పటికి నేను దాటిన అతి పెద్ద సరిహద్దు ఇచ్ఛాపురం. అయినా కంచరపాలెంలో కిరాణా కొట్టు గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ణి కనక ఎవరినైనా మాట్లాడి ఒప్పిస్తానని పైవాళ్లకి నమ్మకం. ఆ నమ్మకం కలిగించింది కూడా నేనే.

బయటి దేశం నుంచి వచ్చిన విద్యార్థి పద్నాలుగు రోజుల్లో విదేశీయుల నమోదు కార్యాలయంలో పేరు నమోదు చేయించుకోవాలి. దానికి మేమిచ్చే బోనఫైడ్ ఒక్కటే చాలదు, స్థిరమైన చిరునామా ఉండాలి. అద్దె ఇల్లయితే, అందులో దిగిన ఇరవై నాలుగు గంటల్లో యజమాని ఫారం-సీ అనే పత్రం ఆన్‌లైన్‌లో నింపాలి. గడువు దాటితే జరిమానాతో పాటు వీసా ఫైలు మీద మచ్చ పడుతుంది.

ఆ ఏడాది మా హాస్టల్ పైకప్పు కారుతోంది. చేపల జబ్బుల మీద పీహెచ్‌డీకి టాంజానియా నుంచి వచ్చిన బరాకాని తాత్కాలికంగా గెస్ట్‌హౌస్‌లో పెట్టాం. నమోదుకి ఆ చిరునామా చెల్లదు. చిరునామా దొరక్కపోతే అతని స్కాలర్‌షిప్ మొదటి విడతే ఆగిపోతుంది.

మొదటిరోజే అతనికి గంటసేపు ఉపన్యాసమిచ్చాను. కొత్త దేశంలో ఎలా సర్దుకుపోవాలో చెప్పాను. అతను నోటుపుస్తకంలో అంతా రాసుకున్నాడు. సర్దుకోవాల్సిన వాళ్ల జాబితాలో అతను తప్ప ఇంకెవరూ లేరని నాకు తోచలేదు.

ఇళ్ల కోసం ఫోన్లు చేశాను. ఫారిన్ స్టూడెంట్ అనగానే ప్రతి యజమాని గొంతులో పంచదార పడేది. మనిషిని చూపించగానే ఆ ఇల్లు అప్పుడే తమ్ముడికో బావమరిదికో ఇచ్చేసినట్టు తేలేది. నాలుగు ఇళ్లకి నలుగురు బావమరుదులు పుట్టుకొచ్చారు. విశాఖ ఆతిథ్యం గురించి మా కరపత్రంలో రెండు పేరాలున్నాయి. అవి నేను రాసినవే.

పన్నెండో రోజున మధురవాడలో అప్పలనాయుడు గారి మేడ సంగతి తెలిసింది. పద్మనాభం ఊరి దగ్గర పొలాలున్న కుటుంబం, పిల్లల చదువుల కోసం ఇక్కడ ఇల్లు కట్టుకున్నారు. ఈసారి బరాకాని తీసుకెళ్లకుండా సరుకు గుణం ముందు చెప్పి, సరుకు తర్వాత చూపిద్దామని ఒక్కణ్ణే వెళ్లాను. నల్లగా ఉంటాడని ముందే చెప్పేశాను. తర్వాత కుర్రాడు గట్టిగా మాట్లాడడనీ, ఆరింటికే ఇల్లు చేరతాడనీ అన్నాను. చివరికి మా కొట్టున్న వీధిలో అన్నిటికన్నా గొప్ప గుణమైన శుద్ధ శాకాహారాన్ని కూడా అతనికి తగిలించాను.

నాయుడు గారి భార్య సింహాచలమ్మ గారు నన్ను ఎగాదిగా చూశారు.

"సేపలు కూడా తిండా బాబూ?"

"వాసనే పడదమ్మా," అన్నాను.

ఆవిడ లోపలికి వెళ్లిపోయారు. నాయుడు గారు చూద్దాం లెండి అన్నారు. కొట్టు భాషలో చూద్దాం అంటే వద్దని. పిలుస్తారేమోనని, బేరంలో చేసినట్టే, గేటు దాకా నెమ్మదిగా నడిచాను. వీధి చివరి దాకా ఇంకా నెమ్మదిగా నడిచాను. ఎవరూ పిలవలేదు.

జరిగిందంతా బరాకాకి చెప్పాను. శాకాహారం కూడా ఇక్కడి నిబంధనేనా సార్ అని అడిగాడు. కాదు, నా సొంత తెలివి అన్నాను. అది కూడా రాసుకున్నాడు. మర్నాడు తనూ వస్తానన్నాడు.

మేం వెళ్లేసరికి సింహాచలమ్మ గారు పెరట్లో కత్తిపీట ముందు కూర్చుని ఉన్నారు. పళ్లెంలో నాలుగు కానాగంత చేపలున్నాయి. బరాకా నమస్కారం పెట్టి, పళ్లెం పక్కన గొంతుక్కూర్చుని, ఒక చేప మొప్ప బొటనవేలితో ఎత్తి చూశాడు. మొప్ప గోధుమ రంగుకి తిరిగింది. ఇది పాతది, తినొద్దని నాతో ఇంగ్లీషులో అన్నాడు. మిగతా మూడూ చూసి, ఒక్కటి పనికొస్తుందన్నాడు. నేను తెలుగులో చెప్పాను.

ఆవిడ చేప వైపు, తర్వాత నా వైపు చూశారు.

"వాసనే పడదన్నావు కదా?"

నేను నోరు తెరిచేలోగా బరాకా తనకొచ్చిన తెలుగు వాడేశాడు. "తింటాను అమ్మా. రోజూ."

నాయుడు గారు నవ్వాపుకోలేకపోయారు. "నిన్న మీరలా సెప్పీసరికి బయమేసింది సారూ. ఈవిడ పులుసెట్టినప్పుడల్లా పైనున్నోడు ముక్కు మూసుకుంటే మాకేటి బాగుంటాది?" కళ్లు తుడుచుకుంటూ, "నల్లగున్నాడని వీదిలో అంటారు. నానేటి పాలల్లో తానమాడి పుట్టేనా?" అన్నారు.

ఇల్లిచ్చారు. అంతమాత్రాన ఆవిడ యజమానురాలు కాకుండా పోలేదు. ప్రతి ఆదివారం తనతో బజారుకొచ్చి మొప్పలు చూడాలని షరతు పెట్టారు. నా నోరు ఊరుకోక, పరిశోధన పనుంటుంది, నెలకి రెండు ఆదివారాలు చాలన్నాను. బరాకా బేరమే లేకుండా అన్నిటికీ తల ఊపాడు. నాకు ఒళ్లు మండింది.

సాయంత్రానికి అతను పెట్టెతో దిగాడు. నాయుడు గారి ఫోన్‌లోనే ఫారం-సీ నింపాం. పద్నాలుగో రోజు పన్నెండింటికల్లా నమోదైపోయింది.

తర్వాతి ఏడాది కరపత్రం తిరగరాశాను. ఆతిథ్యం పేరాలు తీసేసి ఒక వాక్యం చేర్చాను: ఇల్లు చూడబోయే ముందు, మీ గురించి మా విభాగం వాళ్లు యజమానికి ఏం చెప్పారో అడిగి తెలుసుకోండి. అసిస్టెంట్ రిజిస్ట్రారు ఆ వాక్యాన్ని ఆకుపచ్చ సిరాతో కొట్టేశారు. నేను ముప్పై ఏళ్లుగా ఎదుటివాడికి ఏం కావాలో తెలుసనుకుని మా వీధికి కావలసిందే అమ్మానని ఆ కానాగంతల వల్ల తెలిసింది. మిగిలిన మూడేళ్లూ విద్యార్థుల్ని ఇంటి గేటు దాకా తీసుకెళ్లి, నేను వీధి చివర నిలబడేవాణ్ణి.