రెప్ప వేయని జేజి

మా చిన్నప్పుడు... రెప్ప వేస్తే ఓడిపోయినట్టు. ఇప్పుడు రెప్ప వేయలేదని మా జేజిని బతికున్న మనుషుల్లోంచి తీసేశారు!

తీసేసింది మా ఊరి ఆఫీసు. తీసేయమన్నది ఒక ఫోను. ఆ ఫోనుకు ఒక్క తెలుగు మాట నేర్పకుండా మా మీదికి తోలింది పైనున్న పెద్దలు. అవును, కోపంతోనే రాస్తున్నాను... ఓపికుంటే చదవండి.

జేజి అంటే మా నాయనకు అమ్మ. మాది ధర్మవరం పక్కన ఊరు, ఇంట్లో పట్టుచీరల మగ్గం. ఒక పడుగు నేయడం అయిపోతే పాత పోగుల కొసలకు కొత్త పోగులు ఒక్కొక్కటే మెలేసి అతకాలి. అచ్చు అతకడం అంటారు. ఆ పని జేజిది. పోగు జారకుండా వేళ్ళకు ఇంత బూడిద రాసుకుని కూర్చుందంటే ఇల్లు కూలినా తల తిప్పేది కాదు.

పని ఆపి నడుము వాల్చినప్పుడు మాత్రం నాతో, మా తమ్ముడితో ఒక ఆట...

"నా కండ్లల్లేకి చూడండి. ఎవురు ముందు రెప్పేస్తే వాళ్ళు ట్యాంకరు కాడికి బిందె ఎత్తుకోని పోవల్ల."

మా ఊళ్ళో ట్యాంకరు దగ్గర నిలబడటమంటే ఏమిటో ఈ జిల్లావాళ్ళకు చెప్పనక్కర్లేదు. ప్రాణాలు కండ్లల్లో పెట్టుకుని చూసేవాళ్ళం. నీళ్ళు కారేవి... మంట పుట్టేది... ఆఖరికి నేనే రెప్ప వేసేదాన్ని.

"దుమ్ము పడినాది జేజీ!"

"దుమ్ముకు నీ కండ్లే దొరికినాయేమే? నడువు, బిందె ఎత్తు!"

ఒకసారి ఫొటోలు తీసే ఆయన మా వీధికి వచ్చాడు. గోడకు దుప్పటి కట్టి, ఇంటిల్లిపాదినీ నిలబెట్టి, "కదలద్దండప్పా... రెప్పేయద్దండి!" అని గట్టిగా చెప్పాడు. ఫొటో వచ్చాక చూస్తే నాయన కండ్లు మూసుకుని ఉన్నాడు, నావి సగం మూతలు, తమ్ముడు ఎటో చూస్తున్నాడు. జేజి ఒక్కతే కండ్లు ఇంతింత చేసి, పోలీసులా నిటారుగా!

"ఈ ఇంట్లో మేలుకోనుండేది నేనొక్కదాన్నే" అని ఆ ఫొటో చూపించి ఎన్నేళ్ళు ఎగతాళి చేసిందో...

రెప్ప వేయడానికి ఇంగ్లీషులో ఒక మాట ఉందని నాకు బడిలో తెలిసింది. బ్లింక్. రెండు కండ్లూ ఒక్కసారి మూసి తెరిస్తే బ్లింక్, ఒక కన్నే కొడితే వింక్... "రెండోదాని జోలికి పోవద్దండి" అని సారు తనే నవ్వాడు. మా ఇంట్లో మాత్రం ఆ మాటకు వేరే వాడకం. ట్యూబులైటు ఆరుతూ వెలుగుతూ ఉంటే, "బ్లింకు కొడతాంది, స్టార్టరు తిప్పు" అనేవాడు నాయన. జేజికి తెలిసిన బ్లింకు అదొక్కటే.

పోయిన నెల, రేషన్ కార్డులో పేరున్న ప్రతి ఒక్కరూ వచ్చి ఫోనుకు ముఖం చూపించాలన్నారు. బతికే ఉన్నట్టు రుజువట! నేను అనంతపురంలో కాలేజీలో ఉన్నాను, నాది అక్కడే అయిపోయింది. నాయన జేజిని తీసుకుపోయాడు. అక్కడ జరిగింది ఆయన చెబితేనే తెలిసింది.

ఆఫీసాయన ఫోను ముఖం ముందు పెట్టి, "బ్లింక్ చెయ్యవ్వా" అన్నాడు.

జేజి పైకి చూసింది. "బాగనే వెలగతాంది గదప్పా లైటు!"

వెనక నిలబడినవాళ్ళంతా నవ్వారు.

"లైటు కాదవ్వా, ఈడ చూడు. ఫొటో మాదిరి."

ఫొటో అన్న మాట చెవిన పడిందో లేదో, జేజి కొంగు సర్దుకుంది. నడుము నిలబెట్టింది. ఊపిరి బిగబట్టి కండ్లు ఇంతింత చేసింది. "బ్లింక్! బ్లింక్!" అని ఆయన అరిచేకొద్దీ ఇంకా పెద్దవి చేసింది. నాయనకూ బ్లింకంటే ట్యూబులైటే, రెప్పలు వాటంతటవే పడి గట్టెక్కినవాడు, ఏం సాయం చేస్తాడు? రెప్ప అనే రెండక్షరాల మాట ఆ ఆఫీసాయన నోట ఒక్కసారి కూడా రాలేదు!

చివరికి ఫోను తేల్చేసింది... ఎదురుగా ఉన్నది మనిషి కాదు, ఫొటో.

"మీయమ్మను ఫొటో అంటాంది ఫోను, పెద్దాయనా, నేనేం చేసేది? పక్కకి జరగండి."

ఈ నెల కార్డులో జేజి పేరు లేదు.

తెలిసిన వెంటనే ఊరికొచ్చి, జేజిని వెంటబెట్టుకుని ఆఫీసుకు పోయాను. "అన్నా, రెప్పలు ఆర్పమని తెలుగులో చెప్తే సరిపోతాండె గదా?" అని అడిగాను.

"ఫోన్లో ఉండేదే చెప్పినా పాపా. పేరు పోయినాక నా చేతిలో ఏముండాది? మండలానికి పో."

మండలానికి పోతే, మీ ఊళ్ళోనే చూసుకోమన్నారు. తిరిగి ఆయన దగ్గరికే వచ్చాం. ఈసారి జేజి నన్ను పక్కకు జరిపి తనే మాట్లాడింది.

"ఏమప్పా, నేను ఈడే ఉండా. నీ ఎదురుగా ఉండా. ఆ ఫోను ఒగ తూరి పక్కన పెట్టి, నువ్వు చూడు నన్ను."

ఆయన చూడలేదు. ఫోనే చూసుకున్నాడు.

ఇంటికొచ్చాక జేజి అన్నం తక్కువ పెట్టించుకుంది. "నా బియ్యం రాలేదు గదా" అంది... నవ్వుతూనే అంది.

ముసలివాళ్ళకు తెలియలేదులే, అని దయచేసి ఎవరూ అనకండి. ఫొటో ముందర రెప్ప వేయొద్దని బతుకంతా వాళ్ళకు చెప్పింది మనమే. ఇప్పుడు తెలుగు ఊళ్ళో ఒక్క ఇంగ్లీషు మాట తెలియనందుకు మనిషి బతికి లేనట్టేనా? బియ్యం హక్కా, పరీక్షలో మార్కా?

మా చిన్నప్పుడు రెప్ప వేసి ఓడినవాళ్ళు బిందె మోసేవాళ్ళు... అంతే. ఇప్పుడు వేయకుండా గెలిచిన జేజి కంచంలో అన్నం తగ్గింది.

మీ ఇంట్లోనూ ఇట్లా ఫొటోలైపోయిన జేజిలు, తాతలు ఉంటే కింద రాయండి. రాసి ఊరుకోవద్దు... చెయ్యి పట్టుకుని తోడుకొని రండి. సోమవారం పొద్దున పది గంటలకు, మా ఊరి ఆఫీసు ముందు. అరుపులు వద్దు, రాళ్ళు వద్దు. ఊరికే ఎదురుగా కూర్చుని ఆ ఆఫీసు కండ్లల్లోకి చూద్దాం. ముందు వరుసలో మా జేజి ఉంటుంది.

ఎవరు ముందు రెప్ప వేస్తారో చూద్దాం.