హబ్బు మింగిన జవాబు

మొన్న మా ఎదురింటి అమ్మాయి కొత్త ల్యాప్‌టాప్ చేత పట్టుకొని వచ్చి, దీనికి ఒక్కటే పోర్టు ఉంది, మీ దగ్గర యూఎస్‌బీ హబ్బు ఏమైనా ఉందా ఆంటీ అని అడిగింది. లేదని చెప్పి పంపించాను గానీ, హబ్బు అన్న మాట చెవిన పడగానే మనసు మణుగూరులోని మా కాలనీ క్వార్టరుకు వెళ్లిపోయింది. అప్పట్లో ఇంట్లో కంప్యూటరు ఉంటే దానికొక ప్రత్యేకమైన బల్ల, బొగ్గు దుమ్ము పడకుండా కుట్టించిన ముసుగు, ముట్టుకునే ముందు చేతులు తుడుచుకోవడం, ఇంత మర్యాద జరిగేదన్న సంగతి నా తరం వాళ్లకు చెప్పనక్కరలేదు.

మా ఆయన అక్కడి బొగ్గు గనిలో ఎలక్ట్రీషియను, నేను కాలనీ బడిలో టీచరును. ప్రశ్నపత్రాలు ఇంట్లోనే అచ్చు తీసుకోవచ్చని ఆ కంప్యూటరు కొన్నాం. గనిలో బ్లాస్టింగు జరిగినప్పుడల్లా కిటికీ అద్దాలతో పాటు మానిటరు కూడా సన్నగా వణికేది, అయినా ఏళ్ల తరబడి నమ్మకంగానే పనిచేసింది. దాని లోపమల్లా ఒకటే. ముందువైపు యూఎస్‌బీ పోర్టులు ఎప్పుడో చచ్చిపోయి, వెనకవైపు రెండే మిగిలాయి. ప్రింటరుకొకటి, పెన్‌డ్రైవుకొకటి, మాకు అంతకు మించి అవసరమూ పడలేదు, మా చెల్లెలికి ఆ పూణె సంబంధం వచ్చేదాకా.

చెల్లెలు అడవిలోపలి ఒక ఊళ్లో నర్సు. వానాకాలం వాగు దాటి, జ్వరాల రోజుల్లో గుడిసె గుడిసె తిరిగి, అక్కడి ఆడవాళ్ల కోయ మాటలు కూడా కొంచెం కొంచెంగా పట్టుకుంది. కాన్పుకు దవాఖానా పేరెత్తితే భయపడేవాళ్లు కూడా మా చెల్లెలు వెంట ఉంటే బండి ఎక్కేవాళ్లు. అలాంటి ఉద్యోగం వదిలి పూణెలో వంటింట్లో కూర్చోవడం తనకు ఇష్టం లేదు. అబ్బాయి వాళ్లది సత్తుపల్లి వైపు, తను పూణెలో ఏదో ఫ్యాక్టరీలో మెకానిక్కు, సెలవు దొరకదు. కెమెరాలో ఒకసారి మాట్లాడుకుంటే బాగుంటుందని వాళ్లే కబురు పెట్టారు. ఇంటర్నెట్టు డాంగిలు, కెమెరా, తలకు పెట్టుకునే మైకు, ఈ మూడింటికీ కలిపి మాకున్నవి రెండు పోర్టులు కనుక, ఒక్క పోర్టును నాలుగు చేసే హబ్బు ఒకటి, పువ్వు ఆకారంలో నాలుగు రేకులున్నది, అంగడిలో కనబడితే ముచ్చటపడి నేనే తెచ్చాను.

ఆదివారం పొద్దున్నే అందరం స్నానాలు చేసి, మంచి చీరలు కట్టుకొని మానిటరు ముందు కూర్చున్నాం. అబ్బాయి ముఖం వచ్చింది. మా అమ్మ ఆ తెరకే చేతులు జోడించి నమస్కారం పెట్టింది. పలకరింపులయ్యాక చెల్లెలు సూటిగా అడిగేసింది. "పెండ్లయినంక నా నౌకరి మానుమంటరా?"

అబ్బాయి నోరు తెరిచాడు. అంతే, కంప్యూటరు టుంగుమన్నది, కెమెరా కన్ను ఆరిపోయింది, డాంగిలు దీపం ఆరిపోయింది, అబ్బాయి మాయమైపోయాడు. తీసి పెట్టాం, పెట్టి తీశాం. దీపం వెలిగితే కెమెరా రాదు, కెమెరా వస్తే దీపం వెలగదు.

జవాబు చెప్పలేక అబ్బాయే తెంపేసిండని అమ్మ తేల్చేసింది. ఫోను చేసి అడుగుదామని నేనంటే చెల్లెలు ఒప్పుకోలేదు. "ఫోన్ల ఎవరైనా మానొద్దనే అంటరక్కా. అనేటప్పుడు ముఖం ఎట్లుంటదో నాకు చూడాలె" అన్నది.

మా ఆయన ఆ పువ్వును విప్పి చూసి నవ్వారు. "పైపు సన్నగ ఒక్కటే ఉన్నది, నల్లాలు నాలుగు పెట్టిండ్రు. అన్నీ ఒక్కసారి తిప్పితే నీళ్లెట్లొస్తయి? దీనికి సొంత కరెంటు ఉండాలె" అన్నారు. కారణమేమీ చెప్పకుండా అబ్బాయి వాళ్లను మరుసటి ఆదివారం దాకా గడువు మాత్రం అడిగి, ఇద్దరం కొత్తగూడెం బస్సెక్కాం. డాంగిలు, కెమెరా, మైకు మూడూ టిఫిను సంచిలో పెట్టుకొని వచ్చారాయన.

పెళ్లి చీరలు కొన్నప్పుడు కూడా ఆయన అంత ఓపిక చూపించలేదు. మొదటి దుకాణంలో హబ్బుకు గోడకు పెట్టే అడాప్టరే లేదు. రెండో దానిలో ఉంది గానీ, కెమెరా పిన్ను పెట్టి మెల్లగా ఊపి చూస్తే పాలపన్నులా కదిలింది. మూడో దుకాణంలో నల్లగా, బరువుగా, చూడడానికి ఏ అందమూ లేని ఒక డబ్బా ఇచ్చారు. వైరు మందంగా ఉంది, పిన్ను బిగువుగా కూర్చుంది, అడాప్టరూ ఉంది. అయినా మా ఆయన సంచి విప్పి, తెచ్చినవన్నీ దానికి ఒకేసారి తగిలించి, కెమెరాలో దుకాణాయన ముఖాన్ని అక్కడి కంప్యూటరు తెర మీదికి తెప్పించి, డబ్బా వేడెక్కుతుందేమోనని దాని మీద చెయ్యి పెట్టుకొని కూర్చున్నారు. నేను చాయ్ తాగి వచ్చినా లేవలేదు.

"అన్నా, హబ్బు కొంటానికొచ్చినవా, పిల్లగాన్ని చూస్తానికొచ్చినవా?" అన్నాడు దుకాణాయన.

"రెండూ ఒక్కటే పని" అన్నారు మా ఆయన, చెయ్యి తీయకుండానే.

ఆదివారం మళ్లీ అవే చీరలు. ఈసారి అబ్బాయి వస్తూనే, "పోయిన వారం నేను చెప్పింది మీకు నచ్చలేదాండీ?" అన్నాడు. మాకు అర్థం కాలేదు. తర్వాత తెలిసిందేమంటే, మా వైపు అంతా ఆరిపోయినా అతని తెర మీద మా చెల్లెలి బొమ్మ అట్లాగే నిలిచిపోయిందట. రెప్ప కూడా వేయకుండా ఎంత శ్రద్ధగా వింటున్నదో అనుకొని, పాపం, తన మనసులో ఉన్నదంతా ఆ బొమ్మకే చెప్పుకున్నాడట.

మేమంతా నవ్వాపుకోలేక చస్తుంటే చెల్లెలు మాత్రం నవ్వలేదు. "అయితే మళ్ల చెప్పుండ్రి. ఇప్పుడు ఇంటున్న" అన్నది.

"ఉద్యోగం మానొద్దండీ. నాకిక్కడ రెండేళ్లు పనుంది, అది అయిపోగానే నేనే అటు వచ్చేస్తాను. అప్పటిదాకా మీరక్కడ, నేనిక్కడ. మీకు ఇబ్బందేమో ఆలోచించుకోండి" అన్నాడు. అంటున్నంతసేపూ కళ్లు పక్కకు తిప్పలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి, ఆ కెమెరాలో కూడా తెలిసింది. చెల్లెలు తల వంచుకొని మైకు వైరు వేలికి చుట్టుకుంటూ, "సరే" అన్నది. అమ్మ లోపలికి పోయి చక్కెర తెచ్చి అందరి నోట్లో పోసింది, తెర దగ్గర ఒక్క క్షణం ఆగి, ఏం చేయాలో తోచక, ఆ చక్కెర తనే తినేసింది.

రెండేళ్లన్న మనిషి మూడేళ్లకు వచ్చాడు గానీ, వచ్చాడు. మణుగూరులోనే మోటార్లు బాగుచేసే దుకాణం పెట్టుకున్నాడు. చెల్లెలు ఈనాటికీ ఆ అడవి ఊళ్లకే నర్సు.

ఇప్పుడు మాకు మాట్లాడుకోవడానికి వైర్లు అక్కరలేదు. నేను చారు తాలింపు వేస్తుండగా చెల్లెలి ఫోను వస్తుంది, గట్టు మీది ఉప్పు డబ్బాకు ఆనించి పెడతాను, ఒకసారి తన నుదురు కనబడుతుంది, ఒకసారి వాళ్లింటి ఫ్యాను కనబడుతుంది, తనూ ఏదో పనిలోనే ఉంటుంది. రోజూ చూసుకుంటున్నాం, అది సంతోషమే, కాదనను. అయినా ఒక మనిషి ముఖం కనబడబోతున్నదని ఇల్లంతా తల దువ్వుకొని, వరుసగా కూర్చొని, ఊపిరి బిగబట్టుకొని చూసిన ఆ చూపు మాకు మళ్లీ ఎప్పుడూ కుదరలేదు.